తేనెబండ మీద మూడు వరుసలు

ఎగువపల్లె, సోమల మండలం
16-2-1997

బావమరిది లక్ష్మీపతికి,

ఇక్కడ నేనూ మీ అక్క కృష్ణమ్మా బాగానే ఉన్నాం. నువ్వు పంపిన కెమెరా, పొడుగు లెన్సు, మూడు కాళ్ళ స్టాండు, నాలుగు రీళ్ళు పలమనేరు మీదుగా బస్సులో భద్రంగా చేరాయి. పెళ్ళిళ్ళ సీజనులో కుప్పంలో స్టూడియో మూసి రాలేనన్నావు. సరే, నీ బతుకుతెరువు నీది. ఫోటో తీయడం అంత బ్రహ్మవిద్యేం కాదు గనక నేనే తీస్తున్నాను.

పని ఏమిటో మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు సగం విని సగం మరిచిపోయే మనిషివి. మన బావి పక్కన లేచిన తేనెబండను గ్రానైటు క్వారీకి ఇమ్మని ఎవరో అర్జీ పెట్టారు. ఆ బండ పేలిస్తే బావి పగులుతుంది, బావి పోతే టమోటా లేదు, మల్బరీ లేదు, మేమూ లేము. బండ నడుమున మూడు వరుసల్లో అక్షరాలున్న సంగతి ఊరందరికీ తెలుసు. ఏనాటి రాజో ఆ గుట్టను ఊరికి వదిలేసి శాసనం రాయించాడని మా నాయన చెప్పేవాడు. దగ్గరికి పోయి చదువుదామంటే చుట్టూ చేటలంతేసి తేనెపట్లు. పోయినేడు ఇద్దరు ఎక్కబోయి ఒళ్ళంతా వాచి ఆస్పత్రి పాలయ్యారు.

మదనపల్లెలో సుబ్బరాయుడని రిటైరైన లెక్చరరు ఉన్నాడు. శాసనాలు చదువుతాడు. అక్షరాలు తెలిసేలా ఫోటో తెస్తే తాను చదివి కాగితం రాసిస్తానన్నాడు. బండ మీద శాసనం ఉంది, క్వారీకి ఇవ్వవద్దని నేనూ ఎదురు అర్జీ పెట్టాను. మే 12న మదనపల్లె ఆఫీసులో విచారణ.

మంచి గడియ చూసుకుని, కెమెరాకు కుంకుమ పెట్టి, బండకు ఎదురుగా ఉన్న గుండురాయి మీద నుంచి మొదటి రీలు ముప్ఫై ఆరూ తీశాను. రీలు పంపుతున్నాను. కడిగి, బాగా వచ్చినవి పెద్దవి చేసి పంపు.

మీ బావ
కుప్పుస్వామి


కుప్పం
24-2-1997

బావగారికి లక్ష్మీపతి నమస్కారం.

బాగా వచ్చినవి పెద్దవి చేయమన్నారు. ముప్ఫై ఆరింటిలో ఒక్కటి కూడా బాగా రాలేదు కాబట్టి నాకు ఆ శ్రమ తప్పింది. బండకు దయ్యం పట్టి ఊగుతున్నట్టు ఉంది.

మామూలు లెన్సుతో చేయి కాస్త అదిరినా కనిపించదు. పొడుగు లెన్సు అలా కాదు. దూరంలో ఉన్నదాన్ని ఎన్ని రెట్లు దగ్గరికి తెస్తుందో, మన అదురును కూడా అన్ని రెట్లు పెంచుతుంది. మీరు గట్టిగా ఊపిరి తీస్తే చాలు, అక్కడ మూడు వరుసలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టాండుకు గట్టిగా బిగించండి. ఊపిరి బిగపట్టి నొక్కండి. అంతకంటే మేలు, టైమరు పెట్టి చేయి తీసేయండి. పది సెకన్ల తర్వాత అదే తీసుకుంటుంది.

అక్క కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయలేదు. బండ సంగతి ఒక పేజీ, అక్క సంగతి ఒక ముక్క. మీరు మారరు.

లక్ష్మీపతి


ఎగువపల్లె
5-3-1997

లక్ష్మీపతికి,

నా చేయి అదురుతుందని రాశావు. ముప్ఫై ఏళ్ళు మడక పట్టి దున్నిన చేయి ఇది. నేను తోలిన సాలు చూసి సోమల నుంచి వచ్చి మెచ్చుకున్నవాళ్ళున్నారు. పెళ్ళికూతురి బుగ్గ మీద లైటు వేసి బతికేవాడివి, నా చేతికి వంక పెడతావా?

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. ఊపిరి బిగపట్టమన్నావు గనక గుండు ఎక్కినప్పుడే బిగపట్టాను. సరిచూసుకుని నొక్కేసరికి కళ్ళు చీకట్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. మీ అక్క కింద నుంచి ఒకటే కేకలు. "ఆ ఫోటో యాల, నీ ప్రాణం యాల? దిగు కిందికి" అని. మిగతావి టైమరుతో తీశాను.

స్టాండుకు కెమెరాను ఎంత గట్టిగా బిగించానంటే, మళ్ళీ ఊడదీయడానికి పటకారు కావలసి వచ్చింది. అయినా లెన్సు బరువుకు ముక్కు కిందికి వాలుతోంది. బరువు తగ్గుతుందని, లెన్సు నడుముకు ఉన్న ఇనప కట్టూ దాని కింది కాలూ ఊడదీసి పెట్టెలో పడేశాను. అది లెన్సును బల్ల మీద నిలబెట్టుకోవడానికే కదా. గుండు మీద బల్ల ఎక్కడిది?

రెండో రీలు పంపుతున్నాను. మీ అక్కకు నొప్పులు అలాగే ఉన్నాయి.

కుప్పుస్వామి


కుప్పం
12-3-1997

బావా,

రెండో రీలు కూడా పోయింది. మీ ఉత్తరం మూడో పేరా చదవగానే ఎందుకు పోయిందో తెలిసింది. దీపం ఆర్పేసి అక్షరాలు కనిపించలేదన్నట్టుంది మీ వ్యవహారం.

ఆ కట్టూ ఆ కాలూ బల్ల కోసం కాదు. స్టాండు మర బిగించవలసింది ఆ కాలికే, కెమెరాకు కాదు. ఆ లెన్సు కెమెరాకంటే బరువు. కెమెరాను పట్టుకుని లెన్సును గాలికి వదిలితే అది తల ఊపుతూనే ఉంటుంది. నడుము దగ్గర పట్టుకుంటే రెండు వైపులా బరువు సరిపోతుంది. ఈ మాట మొదటే చెప్పలేదని మీరంటారు. నిజమే, చెప్పలేదు. ఉన్నదాన్ని ఊడదీసే మనిషి ఉంటాడని నాకు తోచలేదు.

ఇంకొకటి. స్టాండు కాళ్ళు పూర్తిగా సాచవద్దు. నడుమ ఉన్న కొక్కేనికి బరువైన సంచి వేలాడదీయండి. గాలికి కదలకుండా సంచి అడుగు నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి.

అక్కకు కుప్పం నుంచి తైలం పంపుతున్నాను. అది లెన్సుకు రాయకండి.

లక్ష్మీపతి


ఎగువపల్లె
24-3-1997

లక్ష్మీపతికి,

లెన్సు నడుముకు కట్టు వేశాను. మర బిగించాను. నువ్వన్నట్టే ముక్కు వాలడం మానింది. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

సంచి సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి. ఇంట్లో ఉన్నది వేరుశనగ సంచి. అదే వేలాడదీశాను. టైమరు పెట్టి పక్కకు జరిగానో లేదో స్టాండు గజగజ ఊగింది. చూస్తే మన ఊరి కాపరి కదిరప్ప గొర్రెలు. వాటిలో నాలుగు, సంచికి మూతి పెట్టి లాగుతున్నాయి.

"కదిరప్పా, నీ గొర్రెల్ని ఆ పక్కకు తోలప్పా" అంటే, "నేను తోలితే పోతాయా సామీ? సెనిక్కాయలు పెట్టి పిలిచింది నువ్వు" అన్నాడు. అందులో నాలుగు ఫోటోలు పోయాయి. తర్వాత సంచి నిండా రాళ్ళు వేశాను.

ఇంకొక మాట. సోమల సంతలో ఒకడు అన్నాడు, "మీ బామ్మర్ది కుప్పంలో గ్రానైటు కంపెనీలోల్లకి రాళ్ళ ఫోటోలు తీసిస్తాడంట కదా, నీకు తెల్దా?" అని. నాకు తెలియదు. నువ్వెప్పుడూ రాయలేదు. నిజమేనా?

మూడో రీలు పంపుతున్నాను.

కుప్పుస్వామి


కుప్పం
2-4-1997

బావగారికి,

మూడో రీలు మునుపటికంటే మేలు. మూడు వరుసలూ విడివిడిగా వచ్చాయి. కానీ అంచులు తేలలేదు. పారే నీళ్ళ అడుగున ఉన్న రాయిని చూసినట్టుంది. స్టాండు అదిరితే గీతలన్నీ ఒకవైపే సాగుతాయి. ఇందులో ఒక ఫోటోలో అలా, ఇంకొక ఫోటోలో ఇలా వంకర్లు పోతున్నాయి. మూడు రోజులుగా నెగటివులు పట్టుకుని కూర్చున్నాను, ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చిరాకుతో నిన్న ఒక పెళ్ళివాళ్ళ మీద అరిచాను కూడా. ఉన్నవాటిలో మెరుగైనది పెద్దది చేసి పంపుతున్నాను. సుబ్బరాయుడు గారికి చూపించండి.

సంతలో విన్నది నిజమే. పాలిష్ పట్టిన పలకలకు ఫోటోలు తీస్తాను. కుప్పంలో స్టూడియో పెట్టుకుని గ్రానైటు ఫోటోలు తీయనంటే, తిరుమలలో అంగడి పెట్టి గుండు చేయించుకున్నవాళ్ళకు టోపీ అమ్మనన్నట్టు ఉంటుంది. ఆ పొడుగు లెన్సు కొన్నది కూడా క్వారీ గోడలు దూరం నుంచి తీయడానికే. మీకు రాయకపోవడానికి కారణమేమీ లేదు. మీరు అడగలేదు, అంతే.

లక్ష్మీపతి


ఎగువపల్లె
11-4-1997

లక్ష్మీపతికి,

ఉగాది మరునాడు మదనపల్లె వెళ్ళి సుబ్బరాయుడికి ఫోటో చూపించాను. భూతద్దం పెట్టి గంటసేపు చూశాడు. రెండో వరుస మొదట్లో 'శ్రీ' ఉన్నట్టుందన్నాడు. కాఫీ తాగి వచ్చి మళ్ళీ చూసి, 'శ్రీ' కాదేమో అన్నాడు. ఇది చాలదు, అంచులు తేలాలి, లేకపోతే సంతకం పెట్టనన్నాడు. విచారణకు నెల రోజులే ఉంది.

దాపరికం లేకుండా అడుగుతున్నాను. నేను నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఊపిరి బిగపట్టాను, టైమరు పెట్టాను, కట్టు వేశాను, రాళ్ళు వేలాడదీశాను. అయినా ఫోటో మసకే. రీలు ఇక్కడ నా చేతిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. నీ చీకటి గదిలోకి పోయాకే చెడుతోంది. క్వారీ వాళ్ళు నీకు అన్నం పెట్టేవాళ్ళు. మీ అక్క పుట్టింటివాడివని ఇన్నాళ్ళూ ఆ ఆలోచన రానివ్వలేదు. ఇప్పుడు వచ్చింది. నెగటివులన్నీ వెనక్కి పంపించు. మదనపల్లెలోనే ఎవరి చేతనైనా వేయించుకుంటాను.

మీ అక్క పక్కన కూర్చుని ఒక ముక్క రాయమంటోంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "లచ్చూ, మీ బావ మాటలు పట్టించుకోవద్దప్పా. బావి సింతతో ఆయనకి కూడు గూడా దిగతా లేదు. నువ్వొకసారి వచ్చిపో."

కుప్పుస్వామి


కుప్పం
16-4-1997

కుప్పుస్వామి గారికి,

నెగటివులన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరికైనా చూపించుకోండి.

నా ఇరవై ఏళ్ళ వృత్తిలో ఒకరి ఫోటో చెడగొట్టి ఎరుగను. శత్రువు పెళ్ళి ఫోటో కూడా చెడగొట్టను. మీ ఉత్తరం చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఇంట్లో అడిగితే తలనొప్పి అని చెప్పాను. మా అక్క మొగుడు నన్ను దొంగన్నాడని ఎలా చెప్పను?

ఆదివారం వస్తున్నాను. ఒప్పుకున్న పెళ్ళి ఒకటి వేరేవాళ్ళకు అప్పగించాను. మీ కోసం కాదు, అక్క పిలిచింది గనక. మీరు నాతో మాట్లాడనక్కరలేదు. కెమెరా, లెన్సు, స్టాండు, మిగిలిన రీలు అరుగు మీద పెట్టండి. చాలు.

లక్ష్మీపతి


కుప్పం
25-4-1997

బావగారికి,

ఆదివారం మధ్యాహ్నం గుండు మీద మీరు నాకు అదే చోటు చూపించి, అదే వేళకు కెమెరా పెట్టించారు. "ఎప్పుడూ ఈ వేళకే తీసినారా?" అని అడిగితే, "అభిజిత్తులో మొదలుబెడితే ఏ పనీ సెడదు" అన్నారు. రెండు నెలలుగా నన్ను తిన్న చిక్కు అప్పుడు విడిపోయింది. మంచి గడియ అని మొదటి ఉత్తరంలోనే రాశారు. అది నట్టనడి మధ్యాహ్నమని రాయలేదు, నేనూ అడగలేదు. ఆ వేళకు నల్లబండ పెనంలా కాలి, పైనున్న గాలి సెగకు ఉడుకుతూ కదులుతుంది. స్టాండును నేలలో పాతిపెట్టినా లాభం లేదు. మధ్యలో ఉన్న గాలే నిలకడగా లేదు.

మరునాడు పొద్దున్నే తీద్దామంటే, సోమవారం ఏడున్నర నుంచి రాహుకాలం అని మీరు అడ్డుపడ్డారు. ఎండ ఏటవాలుగా పడి గీతలు తేలేది సరిగ్గా ఆ వేళకే. నేను వినకుండా కెమెరా పెడితే, తువ్వాలు నెత్తిన వేసుకుని బండ వైపు వీపు తిప్పి కూర్చున్నారు. అప్పుడు నాకు కోపం పోయింది. నవ్వొచ్చింది కూడా.

గాలి లేదు. లెన్సు అదరలేదు. నా జన్మలో అంత స్పష్టమైన ఫోటో తీయలేదు. ఇక అసలు సంగతి రాయాలి. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని రాయలేకపోయాను.

బావా, అవి అక్షరాలు కావు. రాయి చీల్చడానికి వరుసగా కొట్టిన ఉలి గుంతలు. పాతకాలంలో ఇలా గుంతలు తొలిచి, వాటిలో మేకులు దిగగొట్టి బండను పలకలుగా విడదీసేవాళ్ళు. కుప్పం చుట్టూ ఇలాంటివి వంద చూశాను. మూడు వరుసలు తొలిచి, ఎందుకో చీల్చకుండా వదిలేశారు. మసకగా ఉన్నంతకాలం నేను కూడా వాటిని అక్షరాలే అనుకున్నాను.

ఈ మాట మీకు ఎవరైనా చెప్పొచ్చు, నేను తప్ప. నేను చెబితే మీరేమనుకుంటారో నాకు తెలుసు. అందుకే ఫోటో పంపుతున్నాను. మీరే చూసుకోండి.

లక్ష్మీపతి


ఎగువపల్లె
1-5-1997

లక్ష్మీపతికి,

చూశాను. మూడు రోజులు చూశాను. మొదట నిన్ను తిట్టుకున్నాను, ఇది కూడా నీ చీకటి గదిలో పుట్టిందే అని. తర్వాత గుంతలు లెక్కపెట్టాను. మొదటి వరుసలో పదమూడు, రెండో వరుసలో పదమూడు, మూడో వరుసలో తొమ్మిది. నువ్వు ఎంత గడుసువాడివైనా ఉలి దెబ్బలు పుట్టించలేవు.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకు కూడా చెప్పలేదు. మా నాయన ఆ బండ వైపు చూసి దండం పెట్టుకునేవాడు. అది గుర్తొస్తే కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

ఒక ఆలోచన వచ్చింది. శ్రద్ధగా చదువు. నువ్వు ఇంకొక్కసారి వచ్చి ఇంకొక ఫోటో తీయాలి. పాతదానికంటే మెరుగ్గా, ఈ కొత్తదానికంటే మసకగా. వరుసలు వరుసలుగా తెలియాలి, గుంతలు గుంతలుగా తెలియకూడదు. అది చూస్తే సుబ్బరాయుడు శాసనమై ఉండవచ్చని రాస్తాడు. వానలు పడి తేనెటీగలు లేచిపోయాక ఎవరినైనా పంపి చూస్తామని ఆఫీసువాళ్ళు వాయిదా వేస్తారు. ఆలోగా ఏదైనా జరగొచ్చు. నొక్కేటప్పుడు కాస్త కదిలించు. అంతే నేను అడిగేది.

దొంగ అన్నందుకు నువ్వు నా మీద కసి పెట్టుకోకు.

మీ బావ
కుప్పుస్వామి


కుప్పం
5-5-1997

బావా,

దొంగను కానప్పుడు దొంగ అన్నారు. కాదని తేలాక ఆ పనే చేసిపెట్టమంటున్నారు. మీతో ఎలా వేగాలో మా అక్కనే అడగాలి.

నేను కదిలించలేను. నీతులు చెప్పడానికి కాదు. ఆ క్వారీ మీ నెత్తిన పడకూడదని మీకెంత ఉందో నాకూ అంత ఉంది. కుప్పంలో ఇళ్ళు కూలినవాళ్ళకు, బావులు ఎండినవాళ్ళకు కూడా ఫోటోలు తీసింది నేనే. కానీ ఆ మధ్యరకం మసక తీసి మీ చేతికిస్తే, ఏప్రిల్‌లో మీరు రాసిన ఉత్తరం నిజమవుతుంది. ఆ ఉత్తరం నిజం కాదన్న ధైర్యంతోనే నేను మీ ఇంటి గడప తొక్కాను.

నెగటివు కూడా ఇందులోనే పెడుతున్నాను. ఇంకొక ప్రతి నా దగ్గర లేదు. చూపిస్తే చూపించండి, పొయ్యిలో వేస్తే వేయండి. ఏం చేశారని జన్మలో అడగను. అక్క నొప్పులకు బెంగళూరులో చూపిద్దాం. విచారణ అయ్యాక ఇద్దరూ కుప్పం రండి, ఇక్కడ రైలెక్కుదాం.

లక్ష్మీపతి


ఎగువపల్లె
22-6-1997

లక్ష్మీపతికి,

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. నువ్వు అడగనన్నావు గనక నేనే చెబుతున్నాను.

విచారణకు రెండు ఫోటోలూ తీసుకుపోయాను. మసకది పై జేబులో, స్పష్టమైనది సంచిలో. పేరు పిలిచేదాకా ఏది తీయాలో నాకే తెలియదు. ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. "శాసనం ఫోటో ఉందన్నారు కదా, చూపించండి" అన్నాడు. నా చేయి జేబు దాకా పోయింది. మడక పట్టిన చేయి అని నీకు రాశాను చూడు, ఆ చేయి అక్కడి నుంచి వెనక్కి వచ్చింది. సంచిలోది తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది శాసనం గాదు సార్. రాయి కొట్టిన గుంతలు" అన్నాను.

"మరి ఎందుకు తెచ్చారు?" అన్నాడు ఆఫీసరు.

"శాసనం ఉండాదని అర్జీలో రాసింది నేనే సార్. కాదని తెలిసినాక నేనే కదా చెప్పాల. బావి మాత్రం ఉండాది. అది అబద్ధం గాదు" అన్నాను.

బావికి ఎంత దూరమో, ఎన్ని ఎకరాలు పారుతుందో అడిగి నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. దానికి రుజువుగా ఇంకో కాగితం అడగలేదు. వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. బండ వాళ్ళకిచ్చారు. బావికి రెండు వందల గజాల లోపల పేల్చకూడదని షరతు పెట్టారు. బావి దక్కుతుందో లేదో ఈ వానాకాలం పోతేగానీ తెలియదు. సుబ్బరాయుడు మాత్రం నా మీద అలిగాడు. రెండో వరుసలో ఉన్నది 'శ్రీ'నే అని ఇప్పటికీ అంటాడట.

మీ అక్కకు అన్నీ చెప్పాను. అంతా వింది. తర్వాత, "మా లచ్చు ముందర తలెత్తుకోని నిలబడతావులే" అంది. అలా నిలబడగలనో లేదో నాకు తెలియదు. నిన్ను ఆ మాట అన్నది నేను. అది తప్పు. ఉత్తరంలో అన్నాను గనక ఉత్తరంలోనే ఒప్పుకుంటున్నాను.

పోయిన సోమవారం మొదటి మందు పేల్చారు. ఆ ఒక్క చప్పుడుకే తేనెటీగలన్నీ నల్లమబ్బులా లేచి తూర్పుకు పోయాయి. మళ్ళీ రాలేదు. పట్లు ఖాళీగా వేలాడుతున్నాయి. ఇప్పుడు ఎవరైనా బండ దగ్గరికి పోవచ్చు.

నిన్న సాయంత్రం పని ఆగాక నేను పోయాను. గుంతల్లో వేళ్ళు పెట్టి చూశాను. పదమూడు, పదమూడు, తొమ్మిది. నీ ఫోటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

గుంతలున్న ఆ వైపు బావికి దూరం గనక వచ్చే నెల పేలుస్తారట. ఈలోగా ఒకసారి వచ్చి దాన్ని దగ్గర నుంచి ఫోటో తీసిపెట్టు. మా ఇంట్లో ఉంచుకుంటాను. ఏ వేళకైనా రా, పంచాంగం చూడను. పొడుగు లెన్సు మోసుకురావద్దు.

మీ బావ
కుప్పుస్వామి